దేవ్‌మాలి వచ్చేవాళ్లకి: హీటర్, బ్యాటరీ సంగతి
రాయగడ, జయపురం నుంచి కారవాన్లు (పడుకునే వసతున్న బళ్లు) తెస్తున్న అన్నయ్యలూ వదినలూ, ఇది కాస్త చదవండి. ఒడిశాలోని దేవ్‌మాలి కొండ 1672 మీటర్ల ఎత్తు, మనం ఆగేచోట కరెంటు ఉండదు, తెల్లారగట్ల చలి ఎముకలు కొరికేస్తుంది. అలాగని ఇంట్లో వాడే 1500 వాట్ల రూమ్ హీటర్ మాత్రం తేకండి, ఇన్వర్టర్ మీద పెడితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 125 ఆంపియర్లకి పైనే లాగేస్తుంది, 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) లెడ్ యాసిడ్ బ్యాటరీ అరగంట ఆగినా గొప్పే. డీజిల్ హీటరే మేలు, వేడి డీజిల్ ఇస్తుంది, కరెంటు ఫ్యాన్‌కీ పంపుకే, స్టార్టింగ్‌లో గ్లో ప్లగ్ (డీజిల్‌ని అంటించే చిన్న వేడి కడ్డీ) వేడెక్కేదాకా 10 ఆంపియర్ల దాకా తాగి తర్వాత ఒకటి రెండుకి దిగిపోతుంది, అందుకే మాటిమాటికీ ఆపి మళ్లీ వెయ్యకుండా తక్కువ వేడి మీద వదిలెయ్యండి. పొగ గొట్టం జాయింట్లు బయల్దేరేముందే చూసుకోండి. బొగ్గుల కుంపటి మాత్రం బండి లోపల పెట్టొద్దు, దణ్ణం పెడతా, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే ఉండదు, పిల్లలు పడుకునేది అందులోనే.