పెళ్లిచూపులకు వెళ్లే యువకుల వేషధారణ

సంపాదకులకు,

నమస్కారం. అమ్మాయిల మెప్పు పొందాలంటే యువకులు ఎలా తయారు కావాలో చెబుతూ మీ ఆదివారం పేజీలో వస్తున్న వ్యాసాలను నేను వదలకుండా చదువుతున్నాను. వాటిలో ఎక్కువ భాగం ముఖం తెల్లబడే క్రీముల గురించో, సినిమా హీరోల దుస్తుల గురించో ఉంటున్నది. నల్గొండ గడియారం సెంటరు దగ్గర 30 ఏళ్లుగా దర్జీ పని చేస్తున్న నాకు, ఆ సలహాలు ఇక్కడి పిల్లలకు మేలు చేయకపోగా ఉన్న ధైర్యాన్ని కూడా తీసేస్తున్నాయనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే ఫోనులో హీరో బొమ్మ చూపించి ‘అన్నా, అచ్చం ఇట్లనే కుట్టు’ అనే పిల్లలు రోజుకు నలుగురైనా వస్తారు. ఆ హీరో ఒడ్డూ పొడుగూ వేరు, వీళ్లవి వేరు. భుజం కుట్టు భుజపుటెముక చివర ఆగకుండా అంగుళం కిందికి జారితే ఎంత ఖరీదైన చొక్కా అయినా అన్న చొక్కా తమ్ముడు తొడుక్కున్నట్టే ఉంటుంది; ఆ కుట్టు విప్పి సరిచేసి ఇస్తే మనిషి నిలబడే తీరే మారిపోతుంది.

మొన్న మాఘమాసంలో మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక యువకుడు కొత్త చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. చక్కగా కుదిరింది. నేనేదో అంటే నవ్వబోయి, వెంటనే కుడిచేయి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దానితో చంక దగ్గర గుడ్డ పైకి లేచి, కుదిరిన చొక్కా కుదరనట్టయింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మా జిల్లా పిల్లలు, తమ తప్పేమీ లేని ఆ పళ్ల గారను దాచుకోవడానికి నవ్వునే మానుకుంటారు. చేయి దించి నవ్వమని చెప్పి, ఆ నవ్వు ఎంత బాగుందో అద్దంలోనే చూపించాను. దంతవైద్యుల దగ్గర చికిత్స ఉందని కూడా చెప్పాను గానీ, అది చేయించుకున్నాకే పెళ్లిచూపులకు వెళ్లమని మాత్రం అనలేదు.

నా భార్య పక్క మిషను మీద జాకెట్లు కుడుతుంది. కొలతలకు వచ్చే అమ్మాయిలు ఆమెతో చెప్పుకునే మాటలు నా చెవినా పడుతుంటాయి. చూసి వెళ్లిన అబ్బాయి రంగు గురించి వాళ్లు అనుకోగా నేను విన్నది చాలా తక్కువ. గోళ్లలో మట్టి ఉందని, సెంటు దిమ్మరించుకుని వచ్చాడని, కూర్చున్న అరగంటా ఫోనే చూసుకున్నాడని, ‘నువ్వేం చదివినవ్’ అని ఒక్క మాటైనా అడగలేదని అంటారు. నచ్చినవాడి గురించైతే, తాను చెప్పింది చివరిదాకా విన్నాడని చెబుతారు.

ఇక గుడ్డ సంగతి. ఎండలు 40 డిగ్రీలు దాటే మన దగ్గర పాలిస్టరు చొక్కా తొడుక్కుని, చెమట వాసనను సెంటుతో కప్పిపుచ్చుకోవడం ఎందుకు? నూలును ముందే ముడులు కట్టి రంగుల్లో ముంచి నేసే పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, నూలును నూనెలో శుద్ధి చేసి ఎరుపు, నలుపు రంగులు పట్టించే పుట్టపాక తేలియా రుమాలు అనే నేతగుడ్డకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2016 దాకా ఆ రెండు ఊళ్లూ మా జిల్లాలోవే. చామనఛాయ ఒంటి మీద ఆ ముదురు ఎరుపు ఎంత నిండుగా ఉంటుందో ఒకసారి వేసుకుని చూసినవాళ్లు మళ్లీ క్రీముల జోలికి పోకపోవడం నేను గమనించాను.

కనుక పెళ్లిళ్ల సీజనుకు ముందు మీరు వేసే ప్రత్యేక పేజీలో తెల్లబడే సలహాలు ఆపి, పొడుగు చేతుల చొక్కాకు 36 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న గుడ్డ రెండున్నర మీటర్లు పడుతుందని, ముందుభాగాల మీద డిజైను కలవాలంటే ఇంకొంచెం ఎక్కువ తేవాలని, కుట్టించే ముందే ఒకసారి తడిపి ఆరేస్తే తర్వాత కుంచించుకుపోదని రాయవలసిందిగా కోరుతున్నాను. ఆ పేజీకి వేసే ఫొటోలకు మా జిల్లా పిల్లలనే, నోటికి చేయి అడ్డం పెట్టుకోకుండా నిలబెట్టి తీయించగలరు.

భవదీయుడు,
ఒక దర్జీ,
నల్గొండ