జీపీఓ నుంచి ఆలస్యంగా వచ్చిన బస్సు గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

శుక్రవారం జీపీఓ, అంటే ముంబై పెద్ద పోస్టాఫీసు, చూడటానికి వెళ్లిన ఏడు, ఎనిమిది తరగతుల బస్సు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. నిజమే, ఆ కబురు ముందే చెప్పకపోవడం మా తప్పు. అయితే "ఇద్దరు పిల్లలు తప్పిపోయారట" అని మన వాట్సాప్ గ్రూపులో తిరిగింది మాత్రం వట్టి మాట. ఆ ఇద్దరూ టీచర్ కళ్లెదుటే, గుమ్మటం కింద బల్ల దగ్గర నిలబడి, ఊళ్లో అవ్వ ఉండే వీధి పేరు గుర్తు చేసుకుంటున్నారు. గ్రూపులో అన్ని మెసేజ్‌లు పెట్టే బదులు ఆఫీసుకు ఒక్క ఫోన్ చేస్తే మీకూ టెన్షన్ తప్పేది, మాకూ తప్పేది.

ఆలస్యానికి అసలు కారణం కూడా అదే. ఒక్కొక్కరికీ ఇన్‌లాండ్ లెటర్ ఇచ్చి ఊరికి ఉత్తరం రాయమన్నాం. వెళ్లిన 41 మందిలో ఊరి చిరునామా పూర్తిగా చెప్పగలిగింది 9 మంది. ముంబైలో తాము ఉంటున్న ఇంటి పిన్ కోడ్ కూడా సగం మందికి రాదు. "లొకేషన్ పెడితే సరిపోతుంది కదా మేడమ్" అన్నాడు ఒకడు. వాణ్ణి ఏమనగలను, ఇంట్లో విన్నదే కదా చెప్పాడు!

వీటీ (ఇప్పటి సీఎస్‌ఎంటీ) స్టేషన్‌కు రోజూ వెళ్లేవాళ్లు మీలో చాలామందే ఉన్నారు. పక్కనే ఉన్న ఆ భవనం వైపు ఎప్పుడైనా తలెత్తి చూశారా? 1904లో పని మొదలైతే 1913కు గానీ పూర్తి కాలేదు. ఖర్చు 18 లక్షల పైచిలుకు, ఆనాటి రూపాయల్లో. గీసింది జాన్ బెగ్. పని దగ్గరుండి చూసుకున్న జార్జ్ విట్టెట్ తర్వాత గేట్‌వే ఆఫ్ ఇండియాకు రూపమిచ్చాడు. నల్లని బసాల్ట్ రాతి గోడలకు కుర్లా పసుపు రాయి, ధ్రాంగధ్రా తెల్లరాయి కలిపారు. పోలిక బీజాపూర్ గోల్ గుంబజ్‌ది. సుల్తాన్ సమాధి గుమ్మటాన్ని తెచ్చి స్టాంపులు అమ్ముకునే చోట పెట్టడమేమిటని నాకు మొదట్లో నవ్వొచ్చేది. లోపలికి వెళ్లి నిలబడ్డాక రాలేదు. తేదీ ముద్ర టప్‌టప్‌మంటుంటే ఆ చప్పుడు పైకి వెళ్లి నెమ్మదిగా దిగి వస్తుంది. మన తాతలు ఈ ఊరికి వచ్చి మేస్త్రీ పనులు, మిల్లు పనులు చేశారు. కామాఠీలంటే అలా వచ్చిన మన తెలుగు కూలీలే, కామాఠీపురా పేరులోనే ఆ చరిత్ర ఉంది. బొంబాయి మనియార్డర్ కోసం పాలమూరులో, కరీంనగర్‌లో పోస్ట్‌మ్యాన్ సైకిల్ బెల్లు వినపడుతుందేమోనని చెవులు రిక్కించుకు కూర్చున్న ఇళ్లు మనవే. అలాంటి ఇళ్ల పిల్లలకు ఊరి చిరునామా రాకపోతే నాకు కోపం రాదా?

పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ తపాలా శాఖ అధికారి, సంస్కృత కవి కూడా. ఒకే పేరున్న ఊళ్లు, రకరకాల భాషల్లో రాసిన చిరునామాలతో తికమక లేకుండా ఈ ఏర్పాటు చేశారు. కొత్తపల్లి అనే పేరున్న ఊళ్లు ఎన్ని లేవు మనకు! మహారాష్ట్ర పిన్‌లు 4తో, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లవి 5తో మొదలవుతాయని చెబితే పిల్లలు అక్కడికక్కడే ఒకరి ఉత్తరాలు ఒకరు లాక్కుని చూసుకున్నారు.

మంచి మాటలూ చెప్పాలి. గుమ్మటం వ్యాసం 65 అడుగులని నేను అంటే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి, "గోల్ గుంబజ్ బయటి కొలత 44 మీటర్లన్నారుగా, అయితే ఇది అందులో సగం కూడా లేదు" అంది. కాగితం, కలం లేకుండానే! ఏడో తరగతి అబ్బాయి అవ్వకు ఒత్తు తప్పు ఒక్కటి లేకుండా పేజీన్నర రాసి, జిగురు డబ్బాలో మూడు వేళ్లు ముంచి, ఉత్తరంతో పాటు చొక్కా జేబు కూడా అంటించుకున్నాడు. అవ్వకు చదువు రాదట, పక్కింటి అక్కతో చదివించుకుంటుందట. యూనిఫాం పాడైందని ఫిర్యాదు చేసిన ఆ అమ్మగారికి ఒక మనవి: ఆ ఉత్తరం నేను చదివాను, చొక్కా పోతే పోయింది.

యూనిట్ టెస్టులు సోమవారం నుంచి, టైమ్‌టేబుల్ డైరీలో ఉంది. బస్సు ఫీజు బాకీలు ఈ వారంలో కట్టేయండి. టిఫిన్ డబ్బాలో చిప్స్ ప్యాకెట్ పెట్టి పంపడం గురించి మళ్లీ రాయను, మూడుసార్లు రాశాను. రాత్రి పదకొండింటి దాకా చేతికి ఫోన్ ఇచ్చి, పొద్దున ప్రార్థనలో ఆవలిస్తున్నారని మమ్మల్నే అడిగితే ఏం చెప్పమంటారు?

సోమవారం ప్రతి పిల్లవాడూ ముంబై ఇల్లు, సొంత ఊరు, రెండు చిరునామాలూ పిన్ కోడ్‌తో సహా చూడకుండా రాయాలి. నేనే చూస్తాను.

పోస్ట్ కాని ఉత్తరం ఒకటి నా బల్ల సొరుగులో ఉంది. పైన "తాతయ్యకు, చింతచెట్టు పక్క ఇల్లు, నల్గొండ జిల్లా" అని మాత్రమే ఉంది. ఎవరి తాతయ్యో, ఏ ఊరో, పిన్ ఎంతో కాస్త చెప్పి పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు