పని కత్తెరది, పేరు మత్తుదా?

సంపాదకులకు నమస్కారం.

అమెరికన్ నవలాకారుడు విలియం బరోస్ గురించి మీ ఆదివారం సాహిత్య పేజీలో వేసిన పరిచయం చదివాం. ప్రయోగాత్మక నవల అంటే జేమ్స్ జాయిస్ దగ్గరే ఆగిపోయే మనకు ఈ పేరు తెలియడం మంచిదే. కానీ ‘హెరాయిన్ మత్తులో పుట్టిన మహానవల’ అన్న ఉపశీర్షిక తప్పు. కల్తీ కల్లు మత్తు బెడద ఉన్న మన ఉత్తర తెలంగాణ జిల్లాల్లో అది నవ్వి ఊరుకునే తప్పు కూడా కాదు.

‘నేకెడ్ లంచ్’ 1959లో పారిస్‌లో అచ్చయింది. అంతకుముందు మొరాకోలోని టాంజియర్‌లో మత్తుమందు సూది అలవాటు ముదిరిన రోజుల్లో తాను ఏం చేసేవాడో బరోసే ముందుమాటలో రాసుకున్నాడు: ఎనిమిది గంటలు తన బూటు కొసనే చూస్తూ కూర్చోగలిగేవాడట. 1956లో లండన్‌లో డాక్టర్ డెంట్ దగ్గర ఆ అలవాటు మానడానికి అపోమార్ఫిన్ అనే మందుతో చికిత్స చేయించుకుని తిరిగొచ్చాకే రాత జోరందుకుంది. గంజాయి, మాజూన్ (గంజాయి కలిపిన మిఠాయి) అప్పుడూ మానలేదు, ఆ మాట దాచనక్కర్లేదు. చెల్లాచెదురుగా పడి ఉన్న కాగితాలను 1957లో మిత్రులైన రచయితలు కెరువాక్, గిన్స్‌బర్గ్, ఆన్సెన్ వచ్చి టైపు చేసి ఒక దారికి తెచ్చారు.

అదే నవలను ‘కట్-అప్’ పద్ధతికి నమూనా అనడం రెండో పొరపాటు. ఆ పద్ధతి బరోస్ చేతికి అందింది పుస్తకం వెలువడ్డాకే. పారిస్‌లో ఒక హోటల్ గదిలో చిత్రకారుడు బ్రయన్ గైసిన్ అట్ట కోస్తుంటే కింద పరిచిన వార్తాపత్రికలు కూడా తెగాయి. ముక్కలు పక్కపక్కన పడి వింతగా కుదిరాయి. బరోస్ దాన్ని పట్టుకుని తర్వాతి మూడు నవలలు నడిపాడు. పేజీని నిలువుగా ఒక కోత, అడ్డంగా ఒక కోత కోయాలి. పైముక్కలు 1, 2 అనుకుంటే కిందివి 3, 4. నాలుగోదాన్ని ఒకటోదాని పక్కన, రెండోదాన్ని మూడోదాని పక్కన పెట్టి వరుసగా చదవాలి. పేజీ మొత్తంలో ఒకటో రెండో వాక్యాలు పనికొస్తే గొప్ప. వాటిని మళ్లీ టైపు చేసుకుని మిగతాది పారేయాలి.

తెలుగులో చేసి చూసేవారికి చిక్కులు వేరే ఉన్నాయి. అడ్డకోత సరిగ్గా వరసల మధ్యలోంచి పోకపోతే ఒత్తులు కిందిముక్కకు పోతాయి. విభక్తులు మాటకే అంటుకుని ఉంటాయి కాబట్టి నిలువుకోత మాట నడుమ పడి, ‘పోలీ’ ఒకచోట, ‘సులకు’ ఇంకోచోట తేలుతుంది. కత్తెరను మాటల అంచు వెంట మెట్లుమెట్లుగా నడిపిస్తే కొంత నయం. లేదా ఆయన తర్వాత వాడిన మడత పద్ధతి: పేజీని నిలువుగా మడిచి మరో పేజీ మీద ఆనించి చదవడం. ఏదైనా సరే, తూగుతూ చేసే పని కాదు.

ఆయన నమ్మకాలను మీ వ్యాసం ‘మేధావి పిచ్చి’ అని ఒక్క వాక్యంలో తేల్చేసింది. 1939లో షికాగోలో భాషాతాత్వికుడు కోర్జిబ్‌స్కీ పాఠాలు విన్నాడు. ‘అది ఇదే’ అని ముడివేసే ఇంగ్లిష్ క్రియ ‘ఈజ్’ ఆలోచనను చెడగొడుతుందన్న మాట అక్కడిదే. (తెలుగులో ఆ క్రియ అక్కర్లేదు. ‘వాడు తాగుబోతు’ అంటే చాలు, ముద్ర పడనే పడుతుంది.) భాష బయటినుంచి వచ్చిన వైరస్ అన్నాడు. 1968లో సైంటాలజీ అనే కొత్త మతశాఖ శిక్షణకు వెళ్లి, తర్వాత దాన్నే తిట్టాడు. విల్‌హెల్మ్ రైక్ అనే మనోవైద్యుడు చెప్పిన, లోపల లోహం బయట చెక్క ఉండే ‘ఆర్గోన్’ పెట్టెలో కూర్చుంటే ఒంటికి శక్తి వస్తుందని నమ్మాడు. శాస్త్రం దాన్ని ఎప్పుడూ ఒప్పుకోలేదు. మాకు తోచినంతలో ఇవన్నీ విడివిడి పిచ్చులు కావు, తన లోపల ఇంకెవరో కూర్చుని ఆడిస్తున్నారన్న ఒకే అనుమానానికి ఆయన వెతుక్కున్న మందులు.

అపోమార్ఫిన్ విషయంలోనూ అంతే. అదే అసలు మందని ఏళ్ల తరబడి వాదించి, తానే మళ్లీ అలవాటులో పడ్డాడు. 1980 నుంచి 1997లో పోయేదాకా హెరాయిన్ లాంటివాటికి బదులుగా డాక్టర్లు ఇచ్చే మెథడోన్ మీదే ఉన్నాడు. కనుక అపోమార్ఫిన్‌ను ‘విముక్తి మార్గం’ అన్న మీ పేరాను మన పాఠకులు వైద్యంగా తీసుకోకూడదు. నిజామాబాద్, కామారెడ్డి వైపు కల్తీ కల్లులో కలిపేది ఆల్ప్రాజోలం, డైజిపాం వంటి మత్తుమాత్రల మందులు. హెరాయిన్ వంటి నల్లమందు జాతివి ఆపితే వాంతులు, విరేచనాలు, ఒళ్లునొప్పులతో నరకమే, కానీ ఆపడం వల్లనే ప్రాణం పోవడం అరుదు. ఆల్ప్రాజోలం ఒక్కసారిగా ఆపితే మూర్ఛలొస్తాయి, ప్రాణమే పోవచ్చు. అందుకే డాక్టర్లు మోతాదును మెల్లమెల్లగా తగ్గిస్తారు. కల్లు దుకాణాలు మూతపడ్డప్పుడు జనం ఫిట్స్‌తో ఆసుపత్రికి చేరేది ఇందుకే. బార్బిచురేట్లు అనే పాతకాలపు నిద్రమాత్రల విషయంలో ఇదే ప్రమాదాన్ని బరోస్ 1957లో ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో అచ్చయిన లేఖలో చెప్పాడు. మీ వ్యాసకర్త ఆ లేఖను ప్రస్తావించి, ఆ హెచ్చరికనే వదిలేశారు.

సవరణ వేస్తే ఇంకొకటి చేర్చండి. ‘భార్యావియోగం’ అని రాశారు. 1951 సెప్టెంబర్ 6న మెక్సికో నగరంలో, తాగి ఉండి, భార్య జోన్ వోల్మర్ తలమీద గ్లాసు పెట్టించి తుపాకీ పేల్చింది బరోసే. పదమూడు రోజులు జైల్లో ఉండి బెయిలు మీద బయటికొచ్చి, కేసు తేలకముందే దేశం దాటాడు. అక్కడ వియోగం అన్న మాట తీసేసి, చంపాడు అని వేయండి.

– కొందరు నవలా పాఠకులు,
హనుమకొండ