స్త్రీల సమాజం వార్షిక నివేదిక – 2025

ప్రభువునందు ప్రియమైన అక్కచెల్లెళ్లకు, సంఘ పెద్దలకు, పాస్టరు గారికి, పాస్టరమ్మ గారికి సమాజ కార్యవర్గం తరఫున వందనాలు.

ఈ ఏడాది మన సమాజం తలకెత్తుకున్న పని ఒక్కటే. చంటిబిడ్డల తల్లులు, బడిపిల్లల తల్లులు సేవకు దూరం కాకుండా చూడడం. పెళ్లికి ముందు కొయిర్‌లో పాడి, సండేస్కూల్లో పాఠం చెప్పిన అమ్మాయి రెండో కాన్పు అయ్యేసరికి వెనక బెంచీకి చేరుతుంది. ఆ తర్వాత గుమ్మం అవతల చెట్టు కింద బిడ్డను ఆడిస్తూ కనబడుతుంది. ఆమెకు ఆసక్తి చల్లారిందని అనుకోవడం మనకు అలవాటైంది. నిజానికి మన కూడికల వేళలే ఆమె వంటింటికీ, పిల్లల బడి గంటకూ అడ్డం పడుతున్నాయి.

కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు, చేసే పురుషులు 88 నిమిషాలు. పిల్లల్ని చూసుకునే లెక్క ఇందులో కలవలేదు. ఇంత పని నెత్తిన ఉన్న మనిషిని బైబిల్లో యేసు మాటలు వింటూ కూర్చోక పనుల్లో మునిగిపోయిన "మార్తలా ఉన్నావు" అని ఎత్తిపొడవడం తగదు. ప్రభువు దిగింది మార్త ఇంటనే.

శుక్రవారం కూడిక

ఇదివరకు పదిన్నరకు మొదలై రెండు దాటాక ముగిసేది. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలు మధ్యాహ్నమే ఇంటికి వస్తారు. వాళ్ల తల్లులు సాక్ష్యాల సమయంలో లేచి వెళ్లడం, వెళ్తున్నందుకు తలదించుకోవడం జరిగేది. ఇప్పుడు తొమ్మిదీ ముప్పావుకు మొదలుపెట్టి పదకొండుంబావుకు ముగిస్తున్నాం. బడి ఆటో ఎక్కించి, అంట్లు సర్దుకుని, నేరుగా రావడానికి వీలైన వేళ అది. పాటలు రెండు, వాక్యం ముప్పై నిమిషాలు, ప్రార్థన విన్నపాలు కాగితం మీద. విన్నపాలు ఒక్కొక్కరే లేచి చెప్పడం వల్లే సమయం జారిపోతోందని గమనించాం. చీటీలు ముందే తీసుకుని ఒక అక్క చదివితే పది నిమిషాల్లో అయిపోతుంది.

నెలలో మొదటి శుక్రవారం ఉపవాస ప్రార్థన మాత్రం పాత పద్ధతిలోనే, పూర్తి పూట. దాన్ని రెండు భాగాలు చేశాం, ఏ భాగానికి వచ్చినా వచ్చినట్టే. ఒక మాట గట్టిగా చెప్పాల్సి ఉంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఉపవాసం ఉండనక్కర్లేదు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా ఉండకూడదు. మాత్ర వేసుకుని తిండి మానితే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. మోకాళ్ల మీద ఉండగా అలా అయితే ప్రార్థనలో పరవశం అనుకుని పక్కవాళ్లు పట్టించుకోని ప్రమాదం ఉంది. అందుకే ప్రార్థన గదిలో గ్లూకోజ్ పొడి, నీళ్ల సీసా ఎప్పుడూ పెడుతున్నాం.

ఇంటింటి ప్రార్థన

మన ప్రాంతంలో బైబిలు స్త్రీలు ఇళ్ల లోపలికి వెళ్లి వాక్యం చెప్పిన నాటి నుంచీ వస్తున్న సేవ ఇది. కొన్నేళ్లుగా ఇది టిఫిన్ల పోటీ అయింది. ఒకరింట్లో ఉప్మా పెడితే మరొకరింట్లో పూరీ, ఇంకొకరింట్లో చికెన్ పకోడీ. ఆతిథ్యం ఇచ్చే తల్లి ప్రార్థన జరిగినంతసేపూ పొయ్యి దగ్గరే నిలబడేది. ఆమె ఇంట్లో ప్రార్థన, ఆమె లేకుండా. చేతిలో డబ్బు లేని ఇల్లు పేరు ఇవ్వడానికే వెనకాడేది.

ఇకమీదట టీ, బిస్కెట్లు మాత్రమే. పాతికమందికి లీటరున్నర పాలు, లీటరున్నర నీళ్లు, 70 గ్రాముల టీ పొడి, పావుకిలో పంచదార సరిపోతాయి. టీ ముందే కాచి ఫ్లాస్కులో పోసి ఉంచితే ఇంటావిడ కూడా చివరిదాకా కూర్చోవచ్చు. ఏడింటికి మొదలై ఏడూ ముప్పావుకు ముగింపు ప్రార్థన అయిపోవాలి. ఎనిమిదిలోపు ఇళ్లకు చేరితేనే పిల్లల హోంవర్కు, అన్నం, పడక సక్రమంగా జరుగుతాయి. వాక్యం చెప్పే సోదరులకు ఈ విషయం రాతపూర్వకంగా ఇచ్చాం, సహకరించారు.

శ్రమదినాలు, పరీక్షలు

2025లో శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారం మార్చి 5న వచ్చింది, అవి ముగిసే ఈస్టర్ ఏప్రిల్ 20న. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ పరీక్షలు మార్చి 1నే మొదలయ్యాయి, పదో తరగతి పరీక్షలు మార్చి 17న. అంటే శ్రమదినాల ధ్యానాల్లో సగం, పిల్లలు రాత్రిళ్లు చదువుకుంటూ తల్లి పక్కన కూర్చోవాలని కోరుకునే రోజుల్లో పడ్డాయి. పరీక్ష రాసే పిల్లలున్న తల్లుల పేర్లు ఫిబ్రవరిలోనే తీసుకుని, ఆ పరీక్షల రోజుల్లో వారిని అన్ని బాధ్యతల నుంచి తప్పించాం. పరీక్షలు అయ్యాక మట్టల ఆదివారం అలంకరణ, ఈస్టర్ వేకువ ఆరాధన టీ ఏర్పాట్లు వాళ్లే భుజాన వేసుకున్నారు. భారం మార్చుకుంటే ఎవరూ పూర్తిగా తప్పుకోనక్కర్లేదు.

మార్చి 7న, అనేక దేశాల క్రైస్తవ స్త్రీలు ఏటా ఒకే రోజు జరిపే ప్రపంచ ప్రార్థనా దినం జరుపుకున్నాం. ఈసారి ఆరాధన క్రమాన్ని కుక్ దీవుల స్త్రీలు 139వ కీర్తన ఆధారంగా తయారుచేశారు. ఇందులో చదివే భాగాలు చాలామందికి పంచడానికి వీలుంటుంది. అందుకే చిన్న పిల్లల తల్లులకు ఇది తగిన సేవ. భాగాలు రెండు వారాల ముందే ఇచ్చి, ఎలా చదవాలో ఆడియో వాట్సాప్‌లో పంపాం. కూర తరుగుతూ వింటూ నేర్చుకోవచ్చు. రిహార్సల్ ఒక్కసారి, అదీ ఆదివారం ఆరాధన అయిన వెంటనే.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సాగే సిలువ ధ్యానం పసిపిల్లలున్నవాళ్లకు ఏటా కష్టమే. ఏప్రిల్ ఎండ, నిండిన మందిరం, నిద్రవేళకు ఏడ్చే బిడ్డ. ఈసారి సండేస్కూల్ గదిని పిల్లల గదిగా మార్చాం. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానానికి ఏడు వంతులు, ఒక్కో వంతుకు ఇద్దరు స్త్రీలు. ఒక్కో మాట పాటతో కలిపి పాతిక నిమిషాల దాకా ఉంటుంది కాబట్టి ఎవరికీ ఒక్క మాటకు మించి పోదు. గదిలో చాపలు, రెండు టేబుల్ ఫ్యాన్లు, మందిరం మైకుకు కలిపిన చిన్న స్పీకరు, పాలిచ్చేవాళ్లకు చీరతో కట్టిన అడ్డు తెర. ప్రతి బిడ్డ చేతికీ తల్లి పేరు రాసిన టేపు ముక్క. నడవడం వచ్చీరాని పిల్లలు తలుపు తోసుకుని పోతారు. ఇద్దరిలో ఒకరు తలుపు దగ్గరే కూర్చోవాలన్నది తప్పనిసరి. పురుషుల ఐక్యత సమాజం నుంచి కూడా వచ్చే ఏడాది వంతులకు పేర్లు అడుగుతున్నాం. తండ్రి చంకలో బిడ్డ నిద్రపోకుండా ఉండదు.

వి.బి.ఎస్. (పిల్లలకు వేసవి సెలవుల బైబిలు బడి)

గుంటూరు మే ఎండల్లో పదకొండు దాటాక పిల్లల్ని పంపడం మంచిది కాదు. అందుకే ఏడున్నర నుంచి పదిన్నర వరకే పెట్టాం. టీచర్లలో ఎక్కువమంది తల్లులే. ఏటా ఎదురయ్యే చిక్కు ఒకటే. టీచరు బిడ్డకు జ్వరం వస్తే ఆ క్లాసు ఆగిపోతుంది. దీనికి కవర్ల పద్ధతి బాగా పనిచేసింది. ఒక్కో రోజు పాఠానికి ఒక్కో పెద్ద కవరు. అందులో కథ కాగితం, కంఠత వాక్యం చీటీలు, చేతిపనికి కత్తిరించి పెట్టిన బొమ్మలు, క్రేయాన్లు, చిన్న ఫెవికాల్ సీసా, ఆ రోజు పాట పల్లవి. కవర్లన్నీ ఏప్రిల్ చివరికే సిద్ధం చేసి బీరువాలో పెట్టాం. టీచరు రాలేకపోతే సహాయకురాలు కవరు తీసి పాఠం చెప్పేయవచ్చు. బొమ్మలు కత్తిరించే పని ఇంటి నుంచి కదలలేని బాలింతలు చేసిపెట్టారు.

మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు కథ ఎనిమిది నిమిషాలు దాటితే వినరు. కథ, పాట, చేతిపని, మళ్లీ అదే కథ ఇంకోలా చెప్పడం, ఇదే క్రమం. ఈ క్లాసులో పన్నెండు మంది పిల్లలకు ఒక టీచరు, ఒక సహాయకురాలు ఉండాలి. అంతకు మించితే పాఠం పోయి కాపలా మిగులుతుంది.

తినడానికి వందమంది పిల్లలకు మూడు కిలోల శనగలు చాలు. రాత్రి నానబెట్టాలి. పడుకునే ముందు ఒకసారి నీళ్లు మార్చకపోతే ఎండాకాలంలో తెల్లారేసరికి నురగ కట్టి పులిసిన వాసన వస్తుంది. మజ్జిగకు ఐదు లీటర్ల పెరుగు, పదిహేను లీటర్ల చల్లటి తాగునీళ్లు, 100 గ్రాముల ఉప్పు, కరివేపాకు, కొంచెం అల్లం. పెరుగు తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట వదిలేస్తే పిల్లలు ముట్టనంత పులుపెక్కుతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఓఆర్ఎస్ పొట్లం కలిపి ఇవ్వాలి. పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో గీటుగా ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. పెద్ద చెంచాతో ఉప్పు వేస్తే బిడ్డకు హాని, చిన్న టీ చెంచాతోనే కొలవాలి.

పిడికెడు బియ్యం

ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం దేవుని డబ్బాలో వేయడం మన అమ్మమ్మల కాలం నాటి అలవాటు. ఆడమనిషి పిడికిట్లో సుమారు 40 గ్రాములు పడతాయి. రెండు పూటలా తీస్తే నెలకు రెండు కిలోల పైన. చేతిలో రూపాయి లేని తల్లి కూడా ఇవ్వగలిగిన కానుక ఇది కనుక సమాజం దీన్ని ప్రాణప్రదంగా చూస్తోంది.

అయితే అన్ని ఇళ్ల బియ్యం ఒకే గోనెలో పోయడం వల్ల నష్టపోతున్నాం. పాత బియ్యం, కొత్త బియ్యం కలిపి వండితే కొత్తవి ముద్దవుతాయి, పాతవి పలుకు మీద ఉంటాయి. అన్నం బాగాలేదని పారబోసేది అప్పుడే. ఇప్పుడు మూడు డబ్బాలు పెట్టాం. పాత సన్నాలకు ఒకటి, కొత్తవాటికి ఒకటి, రేషన్ బియ్యానికి ఒకటి. మొదటివి విందులకు. కొత్తవి పొంగలికి, పరమాన్నానికి. రేషన్ బియ్యం పిండి పట్టించి చెక్కలకు, అట్లకు వాడుతున్నాం. లక్కపురుగు పట్టకుండా ఎండు వేపాకు గుడ్డ సంచిలో కట్టి డబ్బాలో వేయాలి. డబ్బాలోకి తడి చెయ్యి పెట్టకూడదు.

రేషన్ బియ్యంలో నీళ్ల మీద తేలే గింజల్ని ప్లాస్టిక్ బియ్యం అనుకుని ఏరి పారేస్తున్నారు. అవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి తయారుచేసిన పోషక గింజలు, నూరు పాళ్ల బియ్యానికి ఒక పాలు కలుపుతూ వచ్చారు. రక్తహీనత ఉన్న మన స్త్రీలు, పిల్లలు వదులుకోకూడని గింజలు అవి. చేటలో చెరిగేటప్పుడు దయచేసి ఉంచేయండి.

కోతపండుగ ప్రేమవిందు

సంఘమంతా కలిసి భోంచేసే ఈ విందులో రెండు వందల మందికి ఇరవై రెండు కిలోల బియ్యం, ముప్పై కిలోల చికెన్, సాంబారుకు ఐదు కిలోల కందిపప్పు, ఎనిమిది కిలోల ఉల్లిపాయలు, రెండు కిలోల అల్లం వెల్లుల్లి, పదిహేను లీటర్ల పెరుగు. ఈ లెక్కతో మిగల్లేదు, చాలకా పోలేదు.

ఇంట్లో కూర్చుని చేయగల పని, మందిరం దగ్గర చేయాల్సిన పని విడదీశాం. వెల్లుల్లి పొట్టు తీయడం పావుకిలో చొప్పున, ఉల్లిపాయలు ఒలవడం రెండు కిలోల చొప్పున చంటిబిడ్డల తల్లులకు శనివారం పంచాం. ఉల్లిపాయలు రాత్రే తరగవద్దు, ఒలిచి గడ్డలుగానే తేవాలి. తరిగి పెట్టినవి తెల్లారేసరికి నీరు కారి కంపు కొడతాయి. అల్లం వెల్లుల్లి ముద్దలో ఉప్పు, నూనె కలిపి ఫ్రిజ్‌లో పెట్టాలి. పొయ్యి దగ్గర మాత్రం వంటమనిషినే పెట్టుకున్నాం. పెద్ద డేగిసా నుంచి గంజి వార్చేటప్పుడే చేతులు కాలుతాయి, ఆ బరువు ఎత్తడం వల్లే నడుములు పట్టేస్తాయి. డబ్బు మిగులుతుందని ఆ పని అక్కలకు అప్పగించడం సరికాదు. పొయ్యి చుట్టూ పది అడుగుల దూరంలో తాడు కట్టి పిల్లల్ని లోపలికి రానివ్వలేదు.

బల్ల వస్త్రాలు

రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల మీద పరిచే వస్త్రాలపై పడిన ద్రాక్షరస మరకలకు ముందుగా సబ్బు పెట్టకూడదు. సబ్బు తగలగానే మరక నీలంగా మారి పట్టుకుంటుంది, వేడినీళ్లు కూడా దాన్ని గట్టిపరుస్తాయి. ఆరాధన అయిన వెంటనే చన్నీళ్లలో జాడించి, నిమ్మరసం రుద్ది పావుగంట ఉంచి, మళ్లీ జాడించాకే సబ్బు. వస్త్రాలు ఆదివారం సాయంత్రానికి వంతు ఉన్న ఇంటికి చేరాలి. బుధవారం దాకా సంచిలో ఉండిపోయిన వస్త్రాన్ని కాపాడడం ఎవరివల్లా కాదు.

లెక్కలు, వచ్చే ఏడాది

ఆడిట్ అయిన జమాఖర్చుల ప్రతి నోటీసు బోర్డుపై ఉంది. సందేహాలుంటే కోశాధికారి అక్కను అడగండి.

2026లో ప్రపంచ ప్రార్థనా దినం మార్చి 6న, నైజీరియా స్త్రీలు క్రమం తయారుచేశారు. భస్మ బుధవారం ఫిబ్రవరి 18, గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3, ఈస్టర్ ఏప్రిల్ 5. పండుగ ముందుగా వస్తోంది కనుక పరీక్షల వేడి ఈసారి మరింత దగ్గరగా తగులుతుంది. మినహాయింపు కావలసిన తల్లులు జనవరిలోనే చెప్పాలి. సేవకు పేరు ఇచ్చేటప్పుడు మూడు సంగతులు చీటీలో రాయండి. పిల్లల వయసులు, వారంలో మీకు ఖాళీ దొరికే వేళ, ఇంటి నుంచే చేయగలిగిన పని ఏదన్నది. చీటీల పెట్టె సండేస్కూల్ గది కిటికీ పక్కన ఉంది.

ఇట్లు, ప్రభువు సేవలో,
కార్యదర్శి, స్త్రీల సమాజం