పాఠ్యాంశాల్లో ఫ్రేములకు చోటివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

సంకేతాలను విడదీసి విశ్లేషించే గణితం అనగానే మన ఇంజనీరింగ్ విద్యార్థులకు ఫూరియే పరివర్తన ఒక్కటే గుర్తుకు వస్తుంది తప్ప, 1952లో డఫిన్, షాఫర్ ప్రవేశపెట్టిన ఫ్రేముల (సంకేతాన్ని విడదీసి, తిరిగి కూర్చడానికి వాడే సదిశల సమూహాల) సంగతి చాలామందికి తెలియదు. బేసిస్‌కు (ప్రతి సంకేతాన్నీ ఒకే ఒక విధంగా రాయడానికి సరిగ్గా సరిపోయే సమూహానికి) కావలసినన్ని సదిశలతో సరిపెట్టుకోకుండా మరికొన్నిటిని చేర్చుకోవడానికి వీలివ్వడమే ఫ్రేము బలం. సమతలంలో 120 డిగ్రీల ఎడంతో సమాన పొడవు గల మూడు సదిశలను తీసుకుంటే, ఒక్కో సదిశకు ఒక్కో గుణకం (సంకేతాన్ని ఆ సదిశతో కొలిస్తే వచ్చే సంఖ్య) వస్తుంది; ప్రసారంలో వాటిలో ఒకటి పోయినా మిగిలిన రెండింటితో అసలు సంకేతాన్ని పూర్తిగా రాబట్టవచ్చు.

ఈ భద్రత ఊరికే రాదు, లెక్కల భారం పెరుగుతుంది. నాలుగు పరిమాణాల అంతరాళంలో 11 సదిశలుంటే, వాటి మాత్రికలోని 44 విలువల్లో ఏదీ సున్నా కానప్పుడు, ప్రతి సంకేతానికీ 44 గుణకారాలు చేయవలసి వస్తుంది. చిన్న చిన్న దిమ్మెలను పేర్చినట్టుగా మాత్రికను కట్టే ‘స్పెక్ట్రల్ టెట్రిస్’ పద్ధతిలో నిర్మిస్తే, యూనిట్ పొడవు సదిశలతో కూడిన అలాంటి టైట్ ఫ్రేముకే (గుణకాల వర్గాల మొత్తం సంకేతం పొడవు వర్గానికి ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో ఉండే ఫ్రేముకే) 17 శూన్యేతర విలువలు చాలు. అంతకన్నా తగ్గించడం సాధ్యం కాదని కాసాజ్జా, హైనెకె, క్రామర్, కుటినియోక్ 2011లో ప్రచురించిన ఫలితం చెబుతోంది. ఇది నాకు ఎంతో అందమైన ఫలితంగా తోస్తుంది.

బ్యాటరీతో నడిచే చిన్న పరికరాల్లో గుణకారాలు తగ్గితే విద్యుత్తూ ఆదా అవుతుంది. అందువల్ల లీనియర్ ఆల్జీబ్రా బోధనలో బేసిస్ తరువాత కనీసం ఒక తరగతినైనా ఫ్రేములకు కేటాయించాలని విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికా సంఘాలను కోరుతున్నాను.

— ఒక గణిత అధ్యాపకుడు, వరంగల్