అలీహోస్ రాళ్ల దగ్గర మమ్మల్ని కాచుకున్నవాళ్లందరికీ కృతజ్ఞతలు

మెక్సికో సముద్రంలో చేపల వేటకు వెళ్లిన మేమందరం క్షేమంగా శాన్ డియాగో చేరాం. అక్కడ గాలం కొక్కెం దిగిన మా ఉప్పాడ మిత్రుడి చెయ్యి బాగుంది. కుట్లు పడలేదు, వేళ్లన్నీ ఎప్పటిలాగే ఆడుతున్నాయి, సోమవారం నుంచి ఆఫీసుకు కూడా వెళ్తున్నాడు. విషయం తెలిసి కంగారుపడి ఫోన్లు చేసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది ముందే చెప్పేస్తున్నాను. ఆ చెయ్యి ఇవాళ అలా ఉందంటే దానికి కారణం ముక్కూ మొహం తెలియని కొంతమంది. వాళ్లకు నోటితో చెప్పిన థాంక్స్ సరిపోదనిపించి ఇది రాస్తున్నాను.

మొదటి నమస్కారం మా వీధి చివర ఉండే పెద్దాయనకు. నేవీలో పనిచేసి రిటైరైన మనిషి. కాకినాడలో ఇంజనీరింగ్ కలిసి చదువుకున్న మిత్రులం ఇన్నాళ్లకు ఒక చోట చేరి దూరపు వేటకు వెళ్తున్నామని తెలిసి, అడక్కుండానే తన గ్యారేజీ తెరిచారు. పెద్ద ట్యూనాకు ఆగే టూ స్పీడ్ రీళ్లు, అంటే గాలపు లైన్‌ను రెండు వేగాల్లో చుట్టే చక్రాలు, వాటికి తగ్గ రాడ్లు మా చేతుల్లో పెట్టారు. అవి ఎంత ఖరీదైనవో ఈ సరదా ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇచ్చి ఊరుకోలేదు, రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి ముళ్లు వేయడం నేర్పారు. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపమని పదేపదే చెప్పేవారు. పొడిగా ఉండగా లాగితే రాపిడికి వేడెక్కి లైన్ బలం తగ్గుతుందట. సముద్రం మీద మా ముడి ఒక్కటి కూడా జారలేదు సార్. ఆ ఘనత మీదే.

ఈ ప్రయాణం గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. శాన్ డియాగోలో పాయింట్ లోమా దగ్గర రేవు ఉంది. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చే పడవలతో పాటు, రోజుల తరబడి సముద్రంలోనే ఉండి చేపలు పట్టించే పెద్ద చార్టర్ బోట్లు కూడా అక్కడినుంచే బయల్దేరతాయి. దీన్నే లాంగ్ రేంజ్ ఫిషింగ్ అంటారు. పడుకోవడానికి గదులు, మూడు పూటలా భోజనం, పట్టిన చేపలను చల్లగా ఉంచే హోల్డ్, అన్నీ పడవలోనే. మెక్సికో జలాల్లోకి వెళ్తుంది కాబట్టి పాస్‌పోర్టు ఉండాలి, మెక్సికో వాళ్ల ఫిషింగ్ లైసెన్సు ఉండాలి. రేవు వదిలాక శాన్ డియాగో బేలోనే ఆగి ఎర ఎక్కిస్తారు. బతికున్న సార్డిన్లు, అంటే మన కవళ్ల జాతివే, వలబుట్టలతో తోడి ట్యాంకుల్లో పోస్తారు. ఆ ట్యాంకుల్లో రాత్రీ పగలూ సముద్రపు నీరు తిరుగుతూనే ఉండాలి. ఎర చస్తే వేట లేదు. డెక్ మీద పనిచేసే కుర్రాళ్లు అర్ధరాత్రి కూడా లేచి టార్చి వేసి ట్యాంకులు చూసుకోవడం నేను కళ్లారా చూశాను.

మేం వెళ్లిన అలీహోస్ రాళ్లు శాన్ డియాగోకు దక్షిణాన దాదాపు 870 కిలోమీటర్లు. పడవ వేగానికి రెండు పగళ్లు, రెండు రాత్రుల ప్రయాణం. నడిసముద్రంలో నీళ్లలోంచి పొడుచుకొచ్చిన అగ్నిపర్వతపు రాళ్లు అవి. అన్నిటికన్నా ఎత్తైన దాని ఎత్తు 34 మీటర్లు. చెట్టూ చేమా లేదు, మంచినీళ్లు లేవు. బాహా కాలిఫోర్నియా తీరం అక్కడికి 300 కిలోమీటర్ల దూరం. దెబ్బ తగిలింది ఇలాంటి చోట. ఆసుపత్రి అన్న మాటకే అర్థం లేని చోట.

అక్కడికి అందరూ వెళ్లేది వాహూ అనే చేప కోసం. మొదటి చేప డెక్ మీద పడగానే మా ఉప్పాడ మిత్రుడు వంగి చూసి, "ఒరేయ్, ఇది మన వంజరానికి అన్నరా!" అన్నాడు. నిజంగానే రెండూ ఒకే వంశం. సన్నగా పొడుగ్గా, ఒంటిమీద నీలం చారలతో, కత్తెర లాంటి పళ్లతో ఉంటుంది. మామూలు లైన్‌ను పళ్లతో తెంపేస్తుంది కాబట్టి ఉక్కు తీగ కడతారు. సముద్రంలో అతి వేగంగా ఈదే చేపల్లో ఇదొకటి, గంటకు 75 కిలోమీటర్లకు పైగా వేగం కొలిచిన దాఖలా ఉంది. ప్రమాదం ఉన్నది కూడా ఆ వేగంలోనే. గాలం పడ్డ వాహూ తల విదిలించిందంటే, నోట్లోంచి ఊడిన జిగ్ (కొక్కేలున్న బరువైన లోహపు ఎర) బిగిసి ఉన్న లైన్ లాగుడుకు పట్టుకున్నవాళ్ల మీదికే ఎగిరొస్తుంది. మొదటి రోజు మీటింగులోనే కెప్టెన్ దీని గురించి గట్టిగా చెప్పారు. రాడ్ కొన కిందికి ఉంచమన్నారు, చేప దగ్గరికొచ్చినప్పుడు లైన్‌కు ఎదురుగా ఎవరూ నిలబడొద్దన్నారు. మావాడు అన్నీ పాటించాడు. అయినా చేప సరిగ్గా పడవ పక్కన మలుపు తిరిగి విదిలించింది. ఊదా నలుపు రంగుల జిగ్ గాల్లోకి లేచింది. మూడు కొక్కేల్లో ఒకటి వాడి ముంజేతిలో ముల్లు కనపడనంత లోతుగా దిగిపోయింది.

ఆ తర్వాత జరిగిందంతా నాకింకా కళ్లకు కట్టినట్టుంది. పక్కనున్న డెక్‌హ్యాండ్, అంటే డెక్ మీద పనిచేసే కుర్రాడు, ఒక్క క్షణం ఆగలేదు. ముందు లైన్ కోసేశాడు, లాగుడు ఆగిపోయింది. ఒక చేత్తో జిగ్‌ను కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో మావాణ్ని ఎర ట్యాంకు పక్కన కూర్చోబెట్టాడు. పాతికేళ్లు కూడా నిండని కుర్రాడు. ఇంతలో వెనకనుంచి ఒకావిడ, "నేను ఎమర్జెన్సీ నర్సుని, దారి ఇవ్వండి" అంటూ వచ్చారు. ఆవిడ కూడా మాలాగే డబ్బు కట్టి వేటకొచ్చిన మనిషి. అప్పటికి ఆవిడ లైన్ నీళ్లలోనే ఉంది. రాడ్ పక్కవాళ్లకు ఇచ్చేసి వచ్చేశారు.

తీసేయడానికి ఆవిడ తొందరపడలేదు. ముందు వేళ్లు ఒక్కొక్కటే వంచి చూపించమన్నారు. కళ్లు మూసుకోమని, ఏ వేలు ముట్టుకుంటున్నారో చెప్పమన్నారు. నరం గానీ, టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) గానీ తెగలేదని నమ్మకం కుదిరాకే తర్వాతి పని. ఈలోపు కెప్టెన్ శాటిలైట్ ఫోన్‌లో డాక్టర్‌ను పట్టుకున్నారు. డాక్టర్ అడిగినవన్నీ ఆవిడ అప్పటికే చూసి ఉన్నారు. సరే తీయండి అని ఆయన అనగానే బోల్ట్ కట్టర్ తెచ్చి, బయట ఉన్న మిగతా రెండు కొక్కేలను కత్తిరించేశారు. కొక్కెం వంపులో గట్టి లైన్ ఒకటి మెలిపెట్టారు. నర్సు గారు కొక్కెం కాడను చర్మానికి ఆనించి బొటనవేలితో కిందికి నొక్కిపట్టారు. డెక్‌హ్యాండ్ లైన్‌ను చేతికి చుట్టుకుని, "మీ ఊరి పేరేంటి?" అని అడిగాడు. మావాడు "ఉప్పా..." అనే లోపే ఒక్క గుంజు. కొక్కెం వచ్చేసింది. వాడు అరవలేదు, అది వచ్చేసిందని వాడికి తెలిసేసరికే సబ్బునీళ్లతో కడగడం మొదలైంది. చాలాసేపు, ఓపిగ్గా కడిగారు. పడవ మందుల పెట్టెలోంచి డాక్టర్ చెప్పిన యాంటీబయాటిక్ ఇచ్చారు. టెటనస్ ఇంజక్షన్ గురించి అడిగితే, మావాడు ఆ మధ్యనే వేయించుకున్నానని చెప్పాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఇక్కడ ఒకటి చెప్పకపోతే అన్యాయం. వాహూ మాంచి జోరు మీదున్న సమయం అది. ఏడాది ముందు బుక్ చేసుకుని, వేల డాలర్లు కట్టి వచ్చినవాళ్లు పడవ నిండా ఉన్నారు. కెప్టెన్ పడవ ఆపేసి అందరి లైన్లూ పైకి తీయించారు, అలల ఊగుడు తక్కువుండేలా పడవను తిప్పి నిలబెట్టారు. అంతసేపూ ఒక్కరు కూడా విసుక్కోలేదు. వాచీ చూసుకున్నవాళ్లు కూడా లేరు. ఒకాయన తన టోపీ తీసి మావాడి మొహానికి ఎండ తగలకుండా పట్టుకుని నిలబడ్డాడు. వాళ్లందరి పేర్లు నాకు తెలియవు. వాళ్ల మొహాలు మాత్రం మరిచిపోను.

నర్సు గారి పని అక్కడితో అయిపోలేదు. పెన్ను తీసుకుని, గాయం చుట్టూ ఎరుపెక్కిన మేరకు చర్మం మీద గీత గీసి, పక్కన టైం వేశారు. సముద్రపు నీళ్లలో ఉండే సూక్ష్మక్రిములతో ఇన్‌ఫెక్షన్ వస్తే చాలా త్వరగా పాకుతుందట. ఎరుపు ఆ గీత దాటితే తనను ఏ వేళకైనా లేపమన్నారు. లేపాల్సిన పని మాకు పడలేదు, ఆవిడే లేచి వచ్చారు. రాత్రి భోజనాల తర్వాత ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి. ఎరుపు గీత లోపలే ఉండి, మెల్లగా వెనక్కి తగ్గింది. అక్కా, మీరు సొంత తమ్ముణ్ని చూసుకున్నట్టు చూసుకున్నారు. ఆ రాత్రి మాకు ఎంత టెన్షన్‌గా ఉందో మీకు తెలుసు, మీరు కిందికి దిగొచ్చిన ప్రతిసారీ మా గుండె కుదుటపడింది.

వంటాయనకు వేరే చెప్పుకోవాలి. మాలో ఒకడికి మొదటి రోజు నుంచే కడుపులో తిప్పుడు, ఏం తిన్నా నిలిచేది కాదు. ఆయన అల్లం తురిమి మరిగించి ఇచ్చారు, ఏది ఇముడుతుందో కనుక్కుని ఉత్త అన్నం, పెరుగు వేరేగా తీసిపెట్టారు. దెబ్బ తగిలిన మర్నాడు మేం చింతపండు తెచ్చుకున్నామని తెలిసి, ఒక పొయ్యి మాకు వదిలేశారు. మావాడు కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని కూర్చుని చెబుతుంటే, మేం వాహూ ముక్కలతో పులుసు పెట్టాం. ఉల్లిపాయ బాగా వేగాక ఒక్క గరిటె కారం, మెంతిపొడి, చిక్కటి చింతపండు రసం. ముక్క వేశాక గరిటె పెట్టొద్దు, గిన్నె పట్టుకుని తిప్పండి అని వాడి ఆర్డరు. ముక్క విరగలేదు, అచ్చం వంజరం లాగే నిలిచింది. వంటాయన రుచి చూసి, రెండోసారి వేసుకుని, కొలతలు నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో నీళ్లమీద తేలే కెల్ప్ నాచు తెట్టెల దగ్గర యెల్లోటెయిల్ చేపలు తగిలాయి. మావాడి చెయ్యి ఎర గుచ్చడానికి పనికిరాదు. ఆ డెక్‌హ్యాండ్ కుర్రాడే పక్కన నిలబడి, సార్డిన్ ముక్కుకు కొక్కెం గుచ్చి, నీళ్లలోకి వదిలి, రాడ్ వాడి ఎడమచేతికి అందించాడు. చేప పడ్డాక రాడ్‌ను రెయిలింగ్ మీద ఆనించి ఎలా తిప్పాలో చూపించాడు. కట్టు తడవకుండా దాని మీద ప్లాస్టిక్ కవరు కూడా తనే చుట్టాడు. ఆ చేప పైకి వచ్చినప్పుడు పడవలో వినిపించిన కేకలు అంతకుముందు ఏ పెద్ద చేపకూ వినిపించలేదు.

రేవులో చేపలు దింపేటప్పుడు, ఎవరి నంబరు వేసినవి వాళ్లకు వేరుచేసి పోస్తారు. మావాడి నంబరు దగ్గర పెద్దగా ఏమీ లేదు. టోపీ పట్టుకుని నిలబడ్డాయన వచ్చి, తన కుప్పలోంచి ఒక వాహూ తీసి వాడి ముందు పెట్టి, భుజం తట్టి వెళ్లిపోయారు. పేరు అడుగుదామని వెనక్కి తిరిగేసరికి జనంలో కలిసిపోయారు.

ఇలాంటి ప్రయాణానికి వెళ్దామనుకునే మనవాళ్లకు రెండు మాటలు. బయల్దేరే ముందు టెటనస్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి, పాతబడితే వేయించుకోండి. కళ్లజోడు లేకుండా డెక్ మీద నిలబడొద్దు, ఆ జిగ్ చేతికి కాక కంటికి తగిలి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయమేస్తోంది. సిబ్బందికి టికెట్టు మీద 10 నుంచి 15 శాతం టిప్పు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ, ఆ డబ్బు మొదటే పక్కన పెట్టుకోండి. వాళ్లు నిద్ర మానుకుని చేసే చాకిరీ చూస్తే అదీ తక్కువే అనిపిస్తుంది.

ఇంటి దగ్గర ఉండి మా శాటిలైట్ మెసేజీల కోసం ఎదురుచూసిన మా ఆడవాళ్లకు, "చెయ్యి చూపించు" అని వీడియో కాల్లో పట్టుబట్టిన ఉప్పాడ అమ్మకు క్షమాపణలతో కూడిన కృతజ్ఞతలు. అమ్మా, కట్టు విప్పేశారు, మచ్చ చిన్నదే.

కెప్టెన్, డెక్‌హ్యాండ్‌లు, వంటాయన తర్వాతి ట్రిప్ నుంచి తిరిగొచ్చే రోజు మేమంతా రేవులో ఉంటాం. పులుసు వండి తెస్తాం, వంటాయన కోసం చింతపండు ప్యాకెట్లు కూడా. నర్సు గారిచ్చిన ఫోన్ నంబరు కాగితం తడిసి చివరి అంకెలు చెరిగిపోయాయి. అందుకని పడవ ఆఫీసులో ఉత్తరం ఇచ్చి, ఆవిడకు పంపమని అడిగాం. పెద్దాయనా, మీ రాడ్లు, రీళ్లు మంచినీళ్లతో కడిగి తుడిచి ఉంచాం. ఆదివారం తెస్తాం. మీ ఊదా నలుపు జిగ్ కొక్కేలు కత్తిరించాల్సి వచ్చింది కదా, స్కాట్ స్ట్రీట్‌లో అదే రంగుది, అదే బరువుది దొరికింది. అది కూడా పెట్టెలో ఉంది.