పళ్లు ఎప్పుడు చూపించుకున్నారని అడిగిన డాక్టరు గారికి

ఈ పోస్టు రాయాలని నాలుగు నెలలుగా అనుకుంటూనే ఉన్నాను. నిన్న మూత్ర సమస్యలు చూసే యూరాలజిస్టు గారు కొత్త రిపోర్టు చూసి, "ఇంక ఆరు నెలల దాకా నా దగ్గరికి రానక్కర్లేదు" అన్నారు. ఆ మాట విన్నాక కూడా రాయకపోతే తప్పవుతుంది. నేను కృతజ్ఞతలు చెప్పుకోవాల్సిన వాళ్లు ఒకరిద్దరు కాదు.

నాకు 61 ఏళ్లు. రాత్రిళ్లు మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవాల్సి వచ్చేది. వయసొచ్చింది, మామూలే అనుకున్నాను. ఏడాదికోసారి చేయించుకునే రక్తపరీక్షల్లో ఈసారి పీఎస్ఏ కూడా కలిపారు. మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే పరీక్ష అది. 5.8 వచ్చింది. మామూలుగా 4 దాటితే జాగ్రత్తగా చూడాలంటారు. రిపోర్టు చేతికిచ్చిన చోట ఒకాయన, కనీసం కూర్చోమని కూడా అనకుండా, "క్యాన్సర్ అయ్యుండొచ్చు, వెంటనే బయాప్సీ చేయించుకోండి" అనేసి లోపలికి వెళ్లిపోయారు. ఆ మాట పట్టుకుని పది రోజులు తిండి లేదు, నిద్ర లేదు. ఇంట్లో వాళ్ల మొహం చూడాలన్నా భయమే.

అప్పుడు కలిశాను ఈ యూరాలజిస్టు గారిని. మొదటి నమస్కారం ఆయనకే. నన్ను కూర్చోబెట్టి, రిపోర్టు పక్కన పెట్టి, ముందు నేను చెప్పేది విన్నారు. పీఎస్ఏ అంటే ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రొటీన్. అది పెరిగిందంటే క్యాన్సరే అని అర్థం కాదు. గ్రంథి వయసుతో పెరిగినా, దానికి వాపు వచ్చినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఆ అంకె పైకి పోతుంది. అలాగని పట్టించుకోకుండా ఉండకూడదు, కారణమేంటో వెతకాలి. ఇదంతా ఆయన కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. తర్వాత ఏడు ప్రశ్నలున్న ఫారం ఇచ్చారు. మూత్రం ఆగి ఆగి వస్తుందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఇలాంటివి. మొత్తం 35 మార్కులకు నాకు 17 వచ్చాయి. ఎక్కువ వస్తే ఇబ్బంది ఎక్కువని అర్థం.

ఆ ఫారం చూస్తూ చూస్తూ ఆయన, "పళ్లు ఎప్పుడు చూపించుకున్నారు?" అన్నారు.

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. నా బదులు మా ఆవిడ చెప్పింది. "పళ్లు తోముకుంటే ఉమ్ములో రక్తం పడుతుందండీ. దిండు గలీబు మీద కూడా పొద్దున్నే మరకలుంటాయి. చెబితే వినరు." పక్కన కూర్చున్న నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ గలీబులు ఉతికేది తనే. ఎన్నేళ్లుగా చూస్తోందో నేనెప్పుడూ అడగలేదు.

డాక్టరు గారు చెప్పింది నాకింకా గుర్తుంది. చిగుళ్లలో ఏళ్ల తరబడి వాపు ఉంటే అక్కడి సూక్ష్మజీవులు, ఆ వాపు పుట్టించే పదార్థాలు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. ప్రోస్టేట్ వాపుకీ దానికీ సంబంధం ఉండొచ్చని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. "ఉండొచ్చు, అంతే. అదే కారణమని నేను అనను. మన పరీక్షలు మనం ఆపం. ఈలోగా ఆ నోరు బాగుచేయించుకోండి, ఎలాగూ చేయించాల్సిందే కదా."

ఇంటికొచ్చి ఆ రాత్రే ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను. చిగుళ్ల జబ్బుంటే ప్రోస్టేట్ క్యాన్సర్ ఖాయం అన్నట్టు రాసినవే కనబడ్డాయి. ఉన్న టెన్షన్‌కి ఇదొకటి తోడైంది. ఇక్కడ మా మేనల్లుడికి థాంక్స్ చెప్పాలి. వాడు వైద్య పరిశోధనల లెక్కలు చూసే పనిలో ఉన్నాడు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే విసుక్కోకుండా, అసలు వ్యాసాలు తీసి వరుసగా చదివి వినిపించాడు.

2008లో లాన్సెట్ ఆంకాలజీ అనే క్యాన్సర్ వైద్య పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం ఒకటుంది. అమెరికాలో వైద్యరంగంలో పనిచేసే 48 వేలకు పైగా మగవాళ్లను 1986 నుంచి గమనించారు. వాళ్లలో సగం మందికి పైగా పళ్ల డాక్టర్లే. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో మొత్తమ్మీద క్యాన్సర్లు 14 శాతం ఎక్కువగా కనిపించాయి. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, క్లోమం, రక్తానికి సంబంధించినవి. "మావయ్యా, ఈ లిస్టులో ప్రోస్టేట్ లేదు, చూడు" అన్నాడు. ఒక్కసారి గుండె తేలికపడింది. కానీ వాడు అక్కడితో ఆపలేదు. వేరే చోట చేసిన కొన్ని అధ్యయనాల్లో ప్రోస్టేట్‌తో కూడా కొద్దిపాటి సంబంధం కనిపించిందని దాచకుండా చెప్పాడు. పైగా పొగతాగడం, షుగర్, వయసు చిగుళ్లనూ పాడుచేస్తాయి, మిగతా జబ్బులనూ తెస్తాయి. రెండూ ఒకే మనిషిలో కనబడితే ఒకదాని వల్లే రెండోది వచ్చిందని అనలేం. ఇది వాడు నాకు మూడుసార్లు చెప్పాడు, నాకు ఎక్కేదాకా.

క్యాన్సర్ సంగతి అలా ఉంచితే, ప్రోస్టేట్ వాపు విషయంలో ఇంకాస్త దగ్గరి ఆధారం ఉంది. అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ వాళ్లు చిగుళ్ల జబ్బూ, ఎక్కువ పీఎస్ఏ ఉన్న 27 మందికి చిగుళ్ల వైద్యం చేసి మళ్లీ పరీక్షించారు. 2015లో అచ్చయింది. 21 మందిలో పీఎస్ఏ తగ్గింది. నేను ఎగిరి గంతేయబోతే మేనల్లుడే ఆపాడు. "27 మందే మావయ్యా. వైద్యం చేయకుండా పోల్చి చూసిన గుంపు లేదు. పీఎస్ఏ తనంతట తనే కొంచెం పైకీ కిందకీ అవుతుంటుంది. ఆశ పెట్టుకో, కానీ ఎమ్మారై స్కాన్ మానకు." ఆ రాత్రి వాడలా చెప్పకపోతే, పళ్లు క్లీన్ చేయించుకుని స్కాన్ ఎగ్గొట్టేవాణ్ణి. అది నిజం.

ఇక పళ్ల డాక్టరమ్మ గారు. ఈ పోస్టులో సగం ఆవిడదే.

మొదటి రోజు ఆవిడ సన్నటి కొలత కడ్డీ ఒకటి తీసుకుని ఒక్కో పంటికి ఆరు చోట్ల చిగురు లోతు కొలిచారు. కొలుస్తూ పైకి చదువుతుంటే పక్కన అసిస్టెంటు అమ్మాయి చార్టులో రాసుకుంటోంది. "మూడు, రెండు, మూడు. నాలుగు, మూడు, ఐదు. ఆరు, ఐదు, ఆరు, రక్తం." మూడు మిల్లీమీటర్ల దాకా మామూలేనట. నోరు తెరుచుకుని పైన లైటు వైపు చూస్తూ ఆ అంకెలు వింటుంటే, వెనకపళ్ల దగ్గరికి వచ్చేసరికి అవి పెరుగుతూ పోయాయి. నొప్పి పెద్దగా లేదు. అందుకే ఇన్నేళ్లు తెలియలేదు. పాచి గట్టిపడి గారగా మారి, చిగురు పంటిని వదిలేసి లోపల సంచిలా ఏర్పడుతుందట. బ్రష్ అంత లోపలికి పోదు. కింద ఎముక నెమ్మదిగా కరిగిపోతుంది. ఎక్స్‌రేలో నా ఎముక ఎంత కిందకి దిగిందో పెన్సిల్ మొనతో చూపించారు.

సిగరెట్టు తాగుతారా అని అడిగారు. ఎనిమిదేళ్ల కిందట మానేశానన్నాను. తాగేవాళ్లకు చిగుళ్ల నుంచి రక్తం తక్కువ వస్తుందనీ, దాంతో జబ్బు దాగి ఉంటుందనీ అప్పుడే తెలిసింది. మానేశాక రక్తం ఎక్కువ కనబడితే నేను మెత్తటి బ్రష్ కొనుక్కుని ఊరుకున్నాను. షుగర్ రిపోర్టు కూడా అడిగారు. మూడు నెలల సగటు 7.4 ఉంది. షుగర్ చిగుళ్లను పాడుచేస్తుంది, చిగుళ్ల వాపు షుగర్‌ను అదుపులో ఉండనివ్వదు అన్నారు.

అన్నిటికన్నా నేను మర్చిపోలేనిది, పీఎస్ఏ గురించి చెప్పినప్పుడు ఆవిడన్న మాట. "మీ ప్రోస్టేట్‌కి వైద్యం చేస్తానని నేను చెప్పను. మీ చిగుళ్లు జబ్బుపడ్డాయి, వాటికి చేస్తాను. అక్కడ కూడా మేలు జరిగితే మనిద్దరికీ సంతోషం." కావాలంటే నా భయాన్ని వాడుకుని ఎన్ని చికిత్సలైనా రాసిచ్చే వీలుంది. ఆవిడ ఆ పని చేయలేదు. నాలుగు సిట్టింగుల్లో, నోటిని నాలుగు భాగాలు చేసి, మత్తు ఇచ్చి, చిగురు కింద పంటి వేరు దాకా గార తీసి శుభ్రం చేశారు. పళ్ల సందుల్లో పెట్టే చిన్న బ్రష్ ఎలా తిప్పాలో అద్దం పట్టుకుని నా చేతే చేయించారు. ఆ అసిస్టెంటు అమ్మాయికి కూడా నా ధన్యవాదాలు. రెండో సిట్టింగులో నా చేతులు వణుకుతుంటే చూసి, ఒక చేత్తో లాలాజలం లాగే గొట్టం పట్టుకునే, రెండో చేయి నా భుజం మీద వేసింది. మా అమ్మాయి వయసుంటుంది.

అక్కడే పరిచయమైన ఒక పెద్దాయనకు కూడా. ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఎముకలు గట్టిపడటానికి ఇంజెక్షన్లు మొదలుపెట్టేముందు పళ్లన్నీ చూపించుకుని రమ్మని క్యాన్సర్ డాక్టరు పంపారట. ఆ మందులు వాడుతున్నప్పుడు పన్ను పీకితే దవడ ఎముక మానకుండా దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకని పీకాల్సినవి ముందే పీకించుకుంటున్నారు. "నీది ఇంకా తేలలేదు కదా నాయనా, భయపడకు. నాది తేలింది, అయినా వచ్చి కూర్చున్నా చూడు" అన్నారు. ఆయన మాటలో ఎంత నెమ్మది ఉందో రాసి చూపించలేను. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుండి ఎముకల ఇంజెక్షన్లు రాసి ఉంటే, మొదటి డోసుకి ముందే పళ్ల డాక్టర్ని కలవమని నా విన్నపం. ఇందులో "ఉండొచ్చు" ఏమీ లేదు.

ఎమ్మారైలో ప్రోస్టేట్ పెరిగిందని, అనుమానించాల్సిన గడ్డ ఏదీ లేదని వచ్చింది. బయాప్సీ ఇప్పటికి అవసరం లేదన్నారు. నిన్నటి పీఎస్ఏ 4.1. ఆ ఏడు ప్రశ్నల ఫారంలో 17 కాస్తా 11 అయింది. రాత్రి ఒకసారో రెండుసార్లో లేస్తున్నాను. చిగుళ్లు బాగుపడటం వల్లేనా అని అడిగితే యూరాలజిస్టు గారు నవ్వి, "అలా అని నేను రాసివ్వలేను" అన్నారు. సాయంత్రం పూట నీళ్లు తగ్గించాను, షుగర్ కూడా తగ్గింది. ఏది ఎంత పనిచేసిందో విడదీయలేం. నాకు దానితో పేచీ లేదు.

మా ఆవిడకి ఇక్కడ థాంక్స్ చెబితే తిడుతుంది. అయినా చెబుతున్నాను. ఆ రోజు తను నోరు విప్పకపోతే నేను "పళ్లు బాగానే ఉన్నాయండీ" అని వచ్చేసేవాణ్ణి. పక్క మీద గలీబు ఇప్పుడు తెల్లగా ఉంది.

డాక్టరమ్మ గారు పాత చార్టూ కొత్త చార్టూ రెండూ నాకే ఇచ్చారు. ఆరులన్నీ పోయాయి. చాలావరకు మూడులే. కుడివైపు కింద చివరి పన్ను దగ్గర ఒక్క ఐదు మిగిలింది. దాని చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, పక్కన "మూడు నెలలకు" అని రాశారు. వస్తానండీ, తప్పకుండా.